థీసిస్‌లో సైటేషన్లు చెదిరితే బీబీఎల్ ఫైల్ జోలికి వెళ్లకండి

ప్రశ్న: నమస్తే సర్. నా పీహెచ్‌డీ థీసిస్‌ని లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేనే టైప్‌సెట్ చేసుకున్నాను. ఆరు అధ్యాయాలు, 230 పేజీలు, 190 దాకా రిఫరెన్సులు. నంబర్ల పద్ధతి, ఐ ట్రిపుల్ ఈ (ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) స్టైల్. ఫార్మాట్ తనిఖీకి ఇస్తే సైటేషన్లు సరిగా లేవని తిప్పి పంపారు. నాలుగైదు చోట్ల నంబరు బదులు [?] పడుతోంది. మొదటి అధ్యాయంలో మొదటి సైటేషనే [9] అని ఉంది. [1] ఎక్కడుందా అని వెతికితే మూడో అధ్యాయంలో దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ‘డబ్ల్యూ. హెచ్. ఆర్గనైజేషన్’ అని పడింది. వ్యాసాల పేర్లలో పెద్దక్షరాలు చిన్నవైపోయాయి. వెబ్ అడ్రసులు మార్జిన్ దాటి బయటికొస్తున్నాయి. ప్రతి రిఫరెన్సు చివరా నేను రాయని అంకెలు ఉన్నాయి. మా సీనియర్ అక్క ‘బీబీఎల్ ఫైల్ తెరిచి చేత్తో దిద్దెయ్, అయిపోతుంది’ అంటోంది. సబ్మిషన్‌కి పది రోజులే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. మీరు రాసిన ఆరు తప్పులూ నాకు బాగా తెలిసినవే. లేటెక్‌లో థీసిస్ చేసిన ప్రతివాళ్లకీ వీటిలో నాలుగైనా ఎదురవుతాయి. మీ పరిశోధనకీ వీటికీ సంబంధం లేదు. వరసగా కూర్చుంటే రెండు మూడు రోజుల పని. మిగతా రోజులు మీకు చదువుకోవడానికి మిగులుతాయి.

అక్క మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. అయినా బీబీఎల్ ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి. అది మనం రాసే ఫైల్ కాదు, పేజీలోకి వెళ్లడానికి పేర్చి పెట్టిన రిఫరెన్సుల జాబితా. రిఫరెన్సులు పేర్చే బిబ్‌టెక్ అనే ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ పాతది చెరిపేసి మళ్లీ మొదటినుంచి రాస్తుంది. నా థీసిస్ అప్పుడు నేనూ ఈ పనే చేశాను. రెండు రాత్రులు కూర్చుని అరవైకి పైగా ఎంట్రీలు అందులోనే చేత్తో దిద్దాను. పొద్దున గైడ్ గారు ఒక్క వ్యాసం కొత్తగా చేర్చమన్నారు. చేర్చి నడిపాను. దిద్దినవన్నీ పోయాయి. పాత తప్పులు పాత చోట్లలోనే వచ్చి కూర్చున్నాయి. ఏమేం దిద్దానో కాగితం మీదైనా రాసుకోలేదు. ఆ పొద్దుటి గుబులు ఇంకా గుర్తుంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తప్పు పేజీ మీద కనిపిస్తుంది గానీ పుట్టేది అక్కడ కాదు. పుట్టే చోట్లు మూడే. అధ్యాయంలో మీరు రాసిన సైట్ కమాండ్, రిఫరెన్సుల వివరాలు దాచుకునే బిబ్ ఫైల్లో ఉన్న ఎంట్రీ, ఆ ఎంట్రీని పేజీ మీద ఎలా పేర్చాలో చెప్పే స్టైల్. ఏ తప్పు కనిపించినా ముందు ‘ఇది ఈ మూడింట్లో దేనిది?’ అని అడగండి. అది తేలితే సగం పని అయిపోయినట్టే. దిద్దుబాటు కూడా ఆ చోటే చెయ్యాలి. అలా చేస్తే వందసార్లు నడిపినా చెక్కుచెదరదు.

మొదలుపెట్టే ముందు మొత్తం ఫోల్డర్‌ని ఇవాళ్టి తేదీతో ఇంకో చోట కాపీ చేసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి దారి ఉండాలి.

ఇప్పుడు లోపల జరిగేది కొంచెం తెలుసుకోవాలి, లేకపోతే [?] ఎందుకొస్తోందో అర్థం కాదు. మీరు వాక్యంలో సైట్ అని రాసి పక్కన పెట్టేది ఒక కీ, అంటే ఆ ఎంట్రీకి పెట్టుకున్న పొట్టి పేరు మాత్రమే. మొదటిసారి లేటెక్ నడిచినప్పుడు దానికి ఆ కీ ఎవరిదో తెలియదు. ‘ఈ కీ అడిగారు’ అని ఆక్స్ అనే తన లెక్కల ఫైల్లో రాసిపెట్టి, పేజీ మీద [?] ఉంచి ముందుకెళ్తుంది. తర్వాత బిబ్‌టెక్ వస్తుంది. 1985లో ఓరెన్ పటాష్నిక్ రాసిన ప్రోగ్రామ్ అది, ఇన్నేళ్లయినా దాని పని తీరు పెద్దగా మారలేదు. ఆక్స్ ఫైల్లో ఏ కీలు అడిగారో చూసి, బిబ్ ఫైల్లోంచి ఆ ఎంట్రీలు తీసి, స్టైల్ చెప్పినట్టు పేర్చి బీబీఎల్‌గా రాస్తుంది. రెండోసారి లేటెక్ నడిస్తే ఆ జాబితా పేజీలోకి వస్తుంది, ఏ కీకి ఏ నంబరో ఆక్స్‌లో చేరుతుంది. మూడోసారి నడిస్తేనే ఆ నంబర్లు వాక్యాల్లోకి వచ్చి కూర్చుంటాయి. అంటే లేటెక్, బిబ్‌టెక్, లేటెక్, లేటెక్. నాలుగు నడకలు. వీటిలో ఒకటి తగ్గినా [?] ఉండిపోతుంది. లేటెక్ ఎమ్‌కే అనే సాధనం ఎన్నిసార్లు అవసరమో అదే చూసుకుని అన్నిసార్లు నడుపుతుంది. ఓవర్‌లీఫ్ అనే వెబ్‌సైట్‌లో చేస్తున్నట్టయితే ఆ పని మీకు తెలియకుండానే జరిగిపోతుంది.

మీరు పాత పద్ధతిలో ఉన్నారా, బిబ్‌లేటెక్ అనే కొత్త పద్ధతిలో ఉన్నారా అన్నది కూడా చూసుకోండి. ప్రియాంబుల్లోనో (అసలు పాఠం మొదలయ్యే ముందుండే భాగం) డాక్యుమెంట్ చివరో బిబ్లియోగ్రఫీ స్టైల్ అనే లైను ఉంటే పాత పద్ధతి. యాడ్ బిబ్ రిసోర్స్ అనే లైను ఉంటే బిబ్‌లేటెక్, దానికి మామూలుగా బిబ్‌టెక్ బదులు బైబర్ అనే ప్రోగ్రామ్ నడపాలి. ఎవరో ఇచ్చిన టెంప్లేట్‌కి ఇంకెవరో ఇచ్చిన లైన్లు కలిపి రెండూ ఉంచేసినవాళ్లని చాలామందిని చూశాను. పాత పద్ధతికి చెందిన నాట్‌బిబ్ ప్యాకేజీ, బిబ్‌లేటెక్ ఒకేచోట ఇమడవు. ఒకదాన్ని తీసెయ్యాలి. మీ ఉత్తరాన్ని బట్టి మీది పాత పద్ధతి అనుకుంటున్నాను, అలాగే చెబుతాను. ‘బిబ్‌లేటెక్‌కి మారిపో, అన్నీ సర్దుకుంటాయి’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మంచి సాధనమే, ఇవాళ కొత్తగా థీసిస్ మొదలుపెట్టేవాళ్లకి నేనూ అదే చెబుతాను. పది రోజుల్లో సబ్మిషన్ పెట్టుకుని మారితే మాత్రం ఇప్పుడున్న ఆరు తప్పులకి తెలియని ఇంకో ఆరు చేరతాయి.

అన్ని నడకలూ అయ్యాక కూడా [?] ఉంటే కీ కలవలేదని అర్థం. బిబ్‌టెక్ నడిచాక బీఎల్‌జీ అనే లాగ్ ఫైల్ వస్తుంది, దాన్ని తెరవండి. చాలామంది లేటెక్ లాగ్ చూస్తారు గానీ దీన్ని తెరవరు. ఫలానా కీకి ఎంట్రీ దొరకలేదని పేరు పెట్టి మరీ చెబుతుంది. ఆ కీని బిబ్ ఫైల్లో వెతకండి. ఒక అధ్యాయంలో చిన్నక్షరంతోనూ ఇంకో అధ్యాయంలో పెద్దక్షరంతోనూ ఉండొచ్చు. హైఫన్ అనుకున్నది పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన పొడుగు గీత అయ్యుండొచ్చు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి వేరు. అందుకని కీని చూసి పోల్చకండి. బిబ్ ఫైల్లోంచి కాపీ చేసి అధ్యాయంలో పేస్ట్ చెయ్యండి.

కీ రెండు చోట్లా ఒకటే అయినా దొరకడం లేదంటే, లేదా జాబితాలో ఎంట్రీ సగమే పడిందంటే, అది లోపలే విరిగి ఉంటుంది. నూటికి తొంభై సార్లు ఒక కామా కారణం అని నా అనుభవం. టైటిల్ లైను చివర ఫ్లవర్ బ్రాకెట్ మూసి, కామా పెట్టడం మర్చిపోయి, కింద జర్నల్ లైను మొదలుపెట్టారనుకోండి. బిబ్‌టెక్ ఆ జర్నల్ లైను దాకా వచ్చి, ‘ఇక్కడ కామా ఉండాలి’ అని ఆగి, ఆ ఎంట్రీలో అక్కడి నుంచి మిగిలింది వదిలేస్తుంది. లాగ్‌లో చెప్పే లైను నంబరు కూడా జర్నల్ లైనుదే. మీరు ఆ లైను పదిసార్లు చదివినా తప్పు దొరకదు, ఎందుకంటే అది పై లైనులో ఉంది. ఎర్రర్ చెప్పిన చోటికి ఒక లైను పైన చూడటం అలవాటు చేసుకోండి.

బిబ్ ఫైల్ గురించే ఇంకో సంగతి. అధ్యాయాల్లో పర్సెంట్ గుర్తు పెడితే ఆ లైను కామెంట్ అవుతుంది కదా అని బిబ్ ఎంట్రీ మధ్యలో కూడా పెడుతుంటారు. అక్కడ అది పనిచెయ్యదు, పైగా ఎంట్రీ విరుగుతుంది. ఒక ఫీల్డ్ తాత్కాలికంగా వద్దనుకుంటే దాని పేరు ముందు ఏదైనా రెండక్షరాలు చేర్చండి. స్టైల్‌కి తెలియని ఫీల్డుని బిబ్‌టెక్ పట్టించుకోకుండా దాటిపోతుంది.

ఇక [9] సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇదే, ఎందుకంటే కారణం మీరే రాసేశారు: [1] మూడో అధ్యాయంలో దొరికిందన్నారు. అది ఏదో బొమ్మ కింద క్యాప్షన్‌లో ఉంది కదూ? వేరే పేపర్ నుంచి తీసుకున్న బొమ్మ కాబట్టి క్యాప్షన్ చివర సైటేషన్ పెట్టారు. అది పద్ధతే. అయితే క్యాప్షన్‌లో రాసినదంతా థీసిస్ మొదట్లో వచ్చే బొమ్మల పట్టికలోకి కూడా వెళ్తుంది, సైటేషన్‌తో సహా. మీ స్టైల్ సైటేషన్లు వచ్చిన వరసలో నంబర్లు ఇస్తుంది. బొమ్మల పట్టిక మొదటి అధ్యాయం కన్నా ముందుంది. కాబట్టి పట్టికలోకి ఎక్కిన ఎనిమిది సైటేషన్లకి 1 నుంచి 8 దాకా నంబర్లు పోయాయి, మొదటి అధ్యాయానికి మిగిలింది 9. లేటెక్ తన లెక్కలో తాను సరిగ్గానే ఉంది.

దీనికి నేను మెచ్చే మందు ఇది. క్యాప్షన్ కమాండ్‌కి ఫ్లవర్ బ్రాకెట్ కన్నా ముందు ఒక స్క్వేర్ బ్రాకెట్ ఇవ్వొచ్చు. అందులో సైటేషన్ లేకుండా చిన్న క్యాప్షన్ రాయండి. పట్టికలోకి అదే వెళ్తుంది, బొమ్మ కింద మాత్రం పూర్తి క్యాప్షన్ సైటేషన్‌తో పడుతుంది. ఎనిమిది బొమ్మలకి ఎనిమిది చిన్న క్యాప్షన్లు, పావుగంట పని. నాలుగు లైన్ల క్యాప్షన్లు పట్టికని నింపెయ్యకుండా ఉంటాయి కాబట్టి బొమ్మల పట్టిక కూడా చదవడానికి బాగుంటుంది. అంత ఓపిక లేకపోతే నాట్ టాక్ సైట్ అని ఒక ప్యాకేజీ ఉంది. దాన్ని ప్రియాంబుల్లో పెడితే పట్టికల్లోని సైటేషన్లు లెక్కలోకి రావు. టేబుళ్ల క్యాప్షన్లకీ, అధ్యాయాల, సెక్షన్ల పేర్లలో పెట్టిన సైటేషన్లకీ ఇదే సూత్రం. మార్చాక పాత ఆక్స్ ఫైళ్లూ, పట్టికల ఫైళ్లూ చెరిపేసి మళ్లీ నడపండి. అవి ఉండిపోతే పాత నంబర్లే ఇంకో విడత కనిపించి మిమ్మల్ని కంగారు పెడతాయి.

ఒకవేళ క్యాప్షన్లలో సైటేషన్లు లేవంటే, ఎక్కడైనా నోసైట్ కమాండ్ పక్కన నక్షత్రం గుర్తు ఉందేమో చూడండి. బిబ్ ఫైల్లో ఉన్నవన్నీ, చదవనివి కూడా, జాబితాలోకి లాక్కొచ్చేది అదే. డాక్యుమెంట్ మొదట్లో ఉంటే నంబర్ల వరస కూడా దానిదే అవుతుంది. థీసిస్‌లో అది ఉండకూడదు. ఎక్కడా ప్రస్తావించని వ్యాసం జాబితాలో కనిపిస్తే ఎగ్జామినర్ తప్పకుండా అడుగుతారు.

పేర్ల విషయానికి వద్దాం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి. మిగతావన్నీ పేజీ అందానికి సంబంధించినవి. ఇది మాత్రం మీరు ఎవరి పని మీద నిలబడి మీ పని చేశారో వాళ్ల పేరు. వాళ్ల పేరు వాళ్లకి దక్కాలి.

బిబ్‌టెక్ ప్రతి రచయితనీ మనిషే అనుకుంటుంది. కామా లేని పేరైతే చివరి మాటని ఇంటిపేరు అనీ, ముందున్నవాటిని సొంతపేరు అనీ లెక్కగట్టి, మీ స్టైల్ చెప్పినట్టు సొంతపేరుని పొడి అక్షరాలు చేస్తుంది. ‘వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్’ అన్నది దానికి వరల్డ్ హెల్త్ అనే సొంతపేరున్న ఆర్గనైజేషన్ గారు. అలా పుట్టిందే మీ ‘డబ్ల్యూ. హెచ్. ఆర్గనైజేషన్’. ఆథర్ ఫీల్డ్‌కి మామూలుగా ఉండే ఫ్లవర్ బ్రాకెట్ లోపల ఇంకో జత ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి సంస్థ పేరుని మూసెయ్యండి. లోపలి జతలో ఉన్నదాన్ని బిబ్‌టెక్ ముక్కలు చెయ్యదు, ఉన్నది ఉన్నట్టు వేస్తుంది. ప్రభుత్వ శాఖలు, కమిటీలు, కంపెనీలు, అన్నిటికీ ఇదే.

మనుషుల పేర్లకి ఒకే అలవాటు పెట్టుకోండి: ఇంటిపేరు, కామా, సొంతపేరు. ‘నూత్, డొనాల్డ్ ఈ.’ అని రాసినా, ‘డొనాల్డ్ ఈ. నూత్’ అని రాసినా బిబ్‌టెక్‌కి అర్థమవుతుంది. కామా లేకుండా ‘నూత్ డొనాల్డ్’ అని రాస్తే మాత్రం టెక్‌ని సృష్టించిన మనిషి మీ జాబితాలో ‘కే. డొనాల్డ్’ అయిపోతాడు (ఇంగ్లీషులో నూత్ అనే పేరు కే అక్షరంతో మొదలవుతుంది). ఇంటిపేరు ముందు రాసుకునే రచయితలకి ఈ అన్యాయం ఎక్కువగా జరుగుతుంది. చైనా, హంగరీ పరిశోధకుల పేర్లు జాబితాల్లో తలకిందులుగా పడటం నేను ఎన్నిసార్లు చూశానో. పేపర్ మొదటి పేజీ తెరిచి, ఏది ఇంటిపేరో చూసుకుని, కామా పెట్టండి.

ఇద్దరు రచయితలుంటే మధ్యలో కామా పెట్టకూడదు, ‘అండ్’ అనే మాట రాయాలి. పదిమంది ఉన్నా ప్రతి ఇద్దరి మధ్యా ‘అండ్’ ఉండాల్సిందే. ‘లాంపోర్ట్, నూత్’ అని కామాతో రాశారనుకోండి, బిబ్‌టెక్ దాన్ని ఒకే మనిషిగా, నూత్ అనే సొంతపేరున్న లాంపోర్ట్‌గా తీసుకుని ‘కే. లాంపోర్ట్’ లాంటిదేదో వేస్తుంది. ఇద్దరిలో ఒకరు మాయం. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, అందుకే ఇది ప్రమాదం. నలుగురినీ, అంతకన్నా ఎక్కువమందినీ కామాలతో రాస్తే పేరులో కామాలు ఎక్కువయ్యాయని కనీసం లాగ్‌లో గోల చేస్తుంది.

అక్షరాల మీద గుర్తులున్న పేర్లు ఇంకో చిక్కు. గోడెల్ పేరులో ‘ఓ’ మీద రెండు చుక్కలుంటాయి. బిబ్‌టెక్ పాతకాలంది కాబట్టి యూనికోడ్ అక్షరాన్ని ఒకే అక్షరంగా చూడలేదు. పేరు మధ్యలో ఉంటే చాలావరకు గట్టెక్కుతుంది. ఎమిల్ లాంటి ఫ్రెంచి పేరు గుర్తున్న అక్షరంతోనే మొదలైతే, పొడి అక్షరం చేసేటప్పుడు దాన్ని మధ్యకి కోసేస్తుంది. అప్పుడు లేటెక్ చెల్లని యూనికోడ్ అని ఆగిపోతుంది. అలాంటి అక్షరాన్ని లేటెక్ యాక్సెంట్ కమాండ్‌తో రాసి, మొత్తాన్ని ఒక ఫ్లవర్ బ్రాకెట్లో పెట్టండి.

ఈ పేర్ల తప్పుల్లో సగం మీవి కావు. గూగుల్ స్కాలర్‌లో ఒక్క క్లిక్‌తో వచ్చే ఎంట్రీని మనం నమ్మి పేస్ట్ చేస్తాం. రచయితలు ఎక్కువమంది ఉంటే అది కొందరిని రాసి మిగతావాళ్లని ‘అండ్ అదర్స్’తో ముగిస్తుంది. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇవ్వదు. జర్నల్‌లో వచ్చేసిన వ్యాసం ఇంకా ఆర్కైవ్ సైట్లో ప్రచురణకి ముందు పెట్టిన ప్రతి (ప్రీప్రింట్)గానే కనిపించొచ్చు. వీలైనచోట ప్రచురణకర్త పేజీ నుంచే ఎంట్రీ దించుకోండి, లేదా డీఓఐ ఇచ్చి జొటెరో అనే రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌తో తెప్పించుకోండి. అలా వచ్చినదాన్ని కూడా ఒకసారి చదివాకే ఫైల్లో పెట్టండి. అన్నట్టు, ప్రచురణకర్తల ఎంట్రీల్లో జర్నల్ పేరు మధ్య ఆంపర్‌సాండ్ (&) ఊరికే ఉంటుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే లేటెక్ దాన్ని టేబుల్లో గడి మార్చే గుర్తు అనుకుని ఎర్రర్ ఇస్తుంది.

ఒకే వ్యాసం రెండు కీలతో ఉందేమో కూడా చూడండి. 190 రిఫరెన్సుల్లో కనీసం రెండు మూడు జంటలు దొరక్కపోతే ఆశ్చర్యపోతాను. మొదటి ఏడాది ఒక పేరుతో దించుకున్నది మూడో ఏడాది మర్చిపోయి ఇంకో పేరుతో దించుకుంటాం. జాబితాలో అది [23] గానూ [71] గానూ రెండుసార్లు పడుతుంది. కీలు వేరు కాబట్టి బిబ్‌టెక్ పట్టుకోలేదు. జాబ్‌రెఫ్‌లో గానీ జొటెరోలో గానీ ఒకేలాంటి ఎంట్రీలని వెతికి చూపించే సదుపాయం ఉంది. ఒకటి ఉంచి, రెండోదాని కీని అధ్యాయాలన్నిటిలో మొదటిదానితో మార్చండి.

టైటిళ్లలో పెద్దక్షరాలు పోవడం స్టైల్ చేసే పని. ఐ ట్రిపుల్ ఈ స్టైల్లో వ్యాసం పేరు మామూలు వాక్యంలా ఉండాలి, మొదటి అక్షరం తప్ప మిగతావి చిన్నవి. అది నియమమే, తప్పు కాదు. తప్పల్లా దేశాల పేర్లు, మనుషుల పేర్లు, డీఎన్ఏ లాంటి పొడి అక్షరాలు కూడా చిన్నవైపోవడం. డీఎన్ఏ ఒక మాట అని మనకి తెలుసు, దానికి తెలియదు. ఆ ఒక్క మాటని టైటిల్ లోపల ఫ్లవర్ బ్రాకెట్లో పెట్టండి. దాని జోలికి స్టైల్ రాదు. విసుగొచ్చి మొత్తం టైటిల్‌కే రెండో జత బ్రాకెట్లు వేసే అలవాటు చాలామందికి ఉంది. అలా వేస్తే దించుకున్న ఎంట్రీలో ఎలా ఉంటే అలాగే పడుతుంది. ఒక టైటిల్లో ప్రతి మాటా పెద్దక్షరంతో, పక్క టైటిల్లో అన్నీ చిన్నవి. తనిఖీ చేసేవాళ్ల కంటికి మొదట కనిపించేది ఈ తేడానే. కాబట్టి మాట మాటకే వెయ్యండి. పుస్తకాల పేర్లని ఆ స్టైల్ ముట్టుకోదు. అవి మీరు రాసినట్టే పడతాయి.

రిఫరెన్సుల చివర అంకెలకి నిమిషం చాలు. హైపర్‌రెఫ్ ప్యాకేజీకి బ్యాక్‌రెఫ్ అనో పేజ్ బ్యాక్‌రెఫ్ అనో ఒక ఆప్షన్ ఇచ్చి ఉంటారు, టెంప్లేట్‌తోనే వచ్చి ఉండొచ్చు. ఆ రిఫరెన్సుని థీసిస్‌లో ఏ సెక్షన్లో, ఏ పేజీలో వాడారో చూపే అంకెలవి. రాసుకునే రోజుల్లో ఉపయోగమే. తుది ప్రతిలో ఉంటే వ్యాసం పేజీ నంబర్లనుకుని పొరబడతారు. తీసెయ్యండి. పీడీఎఫ్‌లో సైటేషన్ల చుట్టూ రంగు డబ్బాలు కూడా కనిపిస్తుంటే అదే ప్యాకేజీకి హైడ్ లింక్స్ అని ఇవ్వండి.

వెబ్ అడ్రసులు మార్జిన్ దాటడానికి కారణం, మామూలుగా అడ్రస్‌ని కొన్ని గుర్తుల దగ్గరే విరవడానికి అనుమతి ఉంటుంది. పొడుగాటి అంకెల వరస వస్తే విరిగే చోటు దొరక్క లైను బయటికి పోతుంది. ఎక్స్‌యూఆర్ఎల్ ప్యాకేజీ పెడితే ఏ అక్షరం దగ్గరైనా విరుగుతుంది. అయితే ముందు ఇంకో పని చెయ్యండి. డీఓఐ ఉన్న వ్యాసానికి మూడు లైన్ల వెబ్ అడ్రస్ ఎందుకు? మీ విశ్వవిద్యాలయం నియమాలు ఒప్పుకుంటే డీఓఐ ఉంచి అడ్రస్ తీసెయ్యండి. డేటాబేస్‌లోంచి కాపీ చేసిన అడ్రసుల్లో చాలావాటికి లాగిన్ తోక అతుక్కుని ఉంటుంది, ఇంకొకరు నొక్కితే తెరుచుకోదు కూడా. అడ్రస్ ఉంచాల్సినచోట దాన్ని యూఆర్ఎల్ కమాండ్‌లోనో, స్టైల్‌కి తెలిసిన యూఆర్ఎల్ ఫీల్డ్‌లోనో పెట్టండి. నోట్ ఫీల్డ్‌లో ఊరికే పేస్ట్ చేస్తే అందులోని అండర్‌స్కోర్ దగ్గర లేటెక్ డాలర్ గుర్తు ఏదని అడుగుతూ ఆగుతుంది.

మీరు అడగకపోయినా రెండు చిన్న సంగతులు చెప్పాలనిపిస్తోంది. మాటకీ సైటేషన్‌కీ మధ్య మామూలు ఖాళీ బదులు టిల్డా (~) పెట్టండి. అప్పుడు [12] ఒక్కటీ కింది లైను మొదట్లోకో, ఇంకా ఘోరంగా తర్వాతి పేజీ మొదట్లోకో జారిపోదు. ఒకేచోట మూడు వ్యాసాలు చూపాలంటే మూడు సైట్ కమాండ్లు పక్కపక్కన రాయకుండా, ఒకే కమాండ్‌లో కామాలతో మూడు కీలూ రాయండి. సైట్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే [14, 12, 13] అని చెదిరి ఉన్నవి వరసలోకి వచ్చి [12–14] లాగా కుదురుతాయి. నాట్‌బిబ్ వాడుతున్నట్టయితే దాని సొంత సార్ట్, కంప్రెస్ ఆప్షన్ ఉంది, సైట్ ప్యాకేజీ అక్కర్లేదు.

పని వరస ఇలా పెట్టుకోండి. ఇవాళ బీఎల్‌జీ లాగ్ తెరిచి దొరకని కీలూ, విరిగిన ఎంట్రీలూ సరిచెయ్యండి. రేపు క్యాప్షన్లు, బ్యాక్‌రెఫ్, వెబ్ అడ్రసులు. ఎల్లుండి రిఫరెన్సుల జాబితా ఒక్కటే ప్రింట్ తీసి, చేతిలో పెన్సిల్ పట్టుకుని, చివరి నంబరు నుంచి వెనక్కి చదవండి. ముందు నుంచి చదివితే నలభై దాటాక కన్ను అలిసిపోయి జారిపోతుంది, అందుకే తప్పులెప్పుడూ చివరి పేజీల్లో మిగులుతాయి. పేరు, టైటిల్, ఏడాది, పేజీలు. పేజీ నంబర్ల మధ్య బిబ్ ఫైల్లో రెండు హైఫన్లు రాయడం మంచిది, అచ్చులో పొట్టి గీత పడిందేమో చూడండి. కాన్ఫరెన్స్ పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడిగా ఉంటే ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. పెన్సిల్ గుర్తులన్నీ బిబ్ ఫైల్లో దిద్దాక, ఆక్స్, బీబీఎల్ లాంటి పుట్టుకొచ్చిన ఫైళ్లన్నీ చెరిపేసి మొదటినుంచి నడపండి. ఓవర్‌లీఫ్‌లో అయితే రీకంపైల్ ఫ్రమ్ స్క్రాచ్ నొక్కండి. ఆ పీడీఎఫ్‌లో ప్రశ్నార్థకం కోసం వెతికి చూడండి. లేటెక్ లాగ్‌లో అన్‌డిఫైన్డ్ అనే మాట కోసం కూడా వెతకండి. రెండుచోట్లా సైటేషన్ తప్పు ఏదీ దొరక్కపోతే ఆ ఫోల్డర్‌ని మళ్లీ ఒక కాపీ తీసి పెట్టుకుని, తనిఖీకి పంపండి.

ఏదైనా మొండికేసిందంటే పేజీ ఫొటో కాకుండా, ఆ బిబ్ ఎంట్రీ మొత్తం, బీఎల్‌జీలో దాని గురించి వచ్చిన లైను, రెండూ కాపీ చేసి నాకు రాయండి. ఆ రెండూ ఉంటే ఆ రోజే చూసి చెప్పగలను.